పున్నమ్మగారి ఓమ్నీ ఐడ్లింగు

ఆటోనగర్‌లో మెకానిక్కులకు కొదవ లేదు. చెవితో జబ్బు కనిపెట్టే మెకానిక్కు మాత్రం రామలింగం ఒక్కడేనని అందరూ అనేవారు. అందరికంటే ముందు రామలింగమే అనేవాడు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని కాసేపు నిలబడి, బేరింగనో టాపెట్టనో ఒకే ఒక్క మాట చెప్పి చేతులు తుడుచుకునేవాడు. ముప్ఫై ఏళ్ళలో ఆ మాట తప్పింది తక్కువ. తప్పినప్పుడు కూడా ఆ తప్పు రామలింగానిది కాకుండా స్పేరు పార్టుదో, బండి తోలినవాడిదో అయ్యేది. ఆ విద్య కూడా అతనికి బాగానే వచ్చు.

దసరా వెళ్ళిన ఆరో రోజు పొద్దున పున్నమ్మగారి ఓమ్నీ వ్యాను అతని షెడ్డు ముందుకొచ్చి ఆగింది. ఆగింది చక్రాలే. ఇంజను మాత్రం ఎవరూ యాక్సిలరేటరు తొక్కకుండానే రయ్యిమని లేచి, అంతలోనే ఆగిపోబోతున్నట్టు గొణిగి, మళ్ళీ రయ్యిమని లేస్తోంది. దాంతోపాటు బండంతా ఊగుతోంది. డ్రైవరు జాన్ పాల్ స్టీరింగు వదిలి రెండు చేతులూ పైకెత్తి చూపించాడు, నేనేం చెయ్యడం లేదు, దానంతటదే చేస్తోంది అన్నట్టు. వెనక చీరల మూటల మధ్య పున్నమ్మగారు పళ్ళు బిగించుకుని కూర్చుని ఉంది.

పున్నమ్మగారి పుట్టిల్లు పెడన, మెట్టినిల్లు పామర్రు. రెండు వైపులా నేతపనివాళ్ళే. భర్త పోయాక ఆవిడ మగ్గం ముందు కూర్చుని ఏడవలేదు. తెలిసిన నేతగాళ్ళ దగ్గర చీరలు తీసుకుని, ఈ పాత వ్యాను కొని, కూచిపూడి మొదలు ఉయ్యూరు దాకా ఇంటింటికీ తిరిగి అమ్మడం మొదలుపెట్టింది. పదకొండేళ్ళుగా ఆ వ్యాను తోలుతున్నది జాన్ పాల్. ఏ ఊళ్ళో ఏ ఇంటి కోడలికి ఏ రంగు ఇష్టమో ఆవిడకెంత తెలుసో అతనికీ అంత తెలుసు. రామలింగం తండ్రి కూడా ఒకప్పుడు పెడనలో మగ్గం నేసినవాడే కాబట్టి పున్నమ్మగారికి రామలింగం తమ్ముడయ్యాడు. చుట్టరికం ఏమీ లేదు. అయినా తన బండి మీద తమ్ముడు తప్ప మరొకరు చెయ్యి వెయ్యడానికి వీల్లేదని ఆవిడ పట్టుదల.

రామలింగం ఆవిడకు కుర్చీ వేయించి, ముందు సీటు ఎత్తాడు. ఓమ్నీకి ఇంజను ఆ సీటు కిందే ఉంటుంది. స్క్రూడ్రైవరు ఆనించి విన్నాడు. ఏమీ దొరకలేదు. ఇంకోచోట ఆనించాడు. అక్కడా దొరకలేదు. ప్లగ్గులు మార్చాల్సి ఉంటుంది, సాయంత్రానికి అయిపోతుంది, నువ్వు వెళ్ళక్కా అన్నాడు. ఆవిడ బస్సెక్కి వెళ్ళింది. జాన్ పాల్ బండి దగ్గరే ఉండిపోయాడు.

సాయంత్రానికి కాలేదు. మర్నాటికీ కాలేదు. ప్లగ్గులు మార్చాడు, వైర్లు మార్చాడు. ఎక్కడైనా దొంగగాలి లాగుతోందేమోనని అతుకులన్నిటి మీదా స్ప్రే కొట్టి, ఇంజను మోత మారుతుందేమోనని చెవులు రిక్కించాడు. రబ్బరు పైపులు ఒక్కొక్కటే పట్టకారుతో నొక్కి చూశాడు. ఎయిర్ ఫిల్టరు తీసి చూస్తే అది కొత్తదే, దసరాకి తను వేసిందే, తెల్లగా మెరుస్తోంది. ఇక మిగిలింది ఒక్కటే. యాక్సిలరేటరు మీంచి కాలు తీసేసినా ఇంజను ఆగిపోకుండా పక్కదారిన కాస్త గాలి పంపే చిన్న వాల్వు ఒకటుంటుంది. దాని స్క్రూలు పదిహేడేళ్ళ మురికితో బిగుసుకుపోయాయి. విప్పబోతే తలలు అరిగిపోయేట్టున్నాయి. దానికింత తంటా పడడం దేనికని పైపైన స్ప్రే కొట్టి వదిలేశాడు. స్ప్రే కొట్టినప్పుడల్లా ఇంజను పావుగంట బుద్ధిగా ఉండేది. అమ్మయ్య అనుకుని చేతులు కడుక్కునేలోగా మళ్ళీ రయ్యిమనేది.

ఆటోనగర్‌లో ఒకడి షెడ్డులో బండి మూడు రోజులు ఊగితే ఆ సంగతి వీధి వీధంతా తెలుస్తుంది. పక్క షెడ్డులో రంగులు వేసే అంతోని, టీ తాగడానికి వచ్చినప్పుడల్లా ఓమ్నీ ముందు నిలబడి, దానితో పాటు ముందుకీ వెనక్కీ ఊగి చూపించేవాడు. అందరూ నవ్వేవారు. రామలింగం కూడా నవ్వేవాడు గానీ, మెడ వెనక మాత్రం కాలుతున్నట్టుండేది.

మూడో రోజు పొద్దున జాన్ పాల్, పాపం మంచికే, మెల్లిగా ఒక మాటన్నాడు. వెనక వీధిలో సిద్ధార్థ అనే కుర్రాడి దగ్గర కంప్యూటరు మిషను ఉందట, బండికి తగిలిస్తే జబ్బేమిటో అదే చెబుతుందట, ఒకసారి పెట్టించి చూద్దామా అని. రామలింగం స్ప్రే డబ్బా మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. తను మేస్త్రీ అయ్యేనాటికి ఆ సిద్ధార్థ పుట్టలేదు. ఆ మాట మనసులో ముల్లులా దిగింది.

ఆ రోజే పదకొండు గంటలకు, సరిగ్గా టీ వేళకు, పున్నమ్మగారు వచ్చింది. షెడ్డులో ఎనిమిది మంది దాకా ఉన్నారు. ఓమ్నీ ఊగుతూనే ఉంది. ఆవిడ దాన్ని చూసింది, రామలింగాన్ని చూసింది. ఆవిడ గొంతులో కోపం లేదు, ఆశ్చర్యమే ఉంది.

"ఏంటి తమ్ముడూ, నీకే తెలియలేదా?"

తెలియలేదక్కా అంటే అయిపోయేది. ఒక్క మాట. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఎదురుగా అంతోని టీ గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని వింటున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆ షెడ్డులో ఎన్నడూ వినపడని మాట అది. రామలింగం ఇంజను ఆపి, వంగి, పెట్రోలు పైపు ఊడదీసి, రెండు చుక్కలు అరచేతిలో పోసుకుని వాసన చూశాడు. వాసన మామూలుగానే ఉంది. తల పైకెత్తాడు.

"ఇది పెట్రోలు కాదక్కా. ఇందులో ఏదో కలిసింది."

ఎక్కడ కలిసిందని ఆవిడ అడిగింది. బంకులో కలిస్తే అక్కడ కొట్టించుకున్న బళ్ళన్నీ ఇలాగే ఊగాలి కదా అన్నాడు రామలింగం. తాళం ఎవరి దగ్గర ఉంటుందో వాళ్ళనే అడగాలి అని కూడా అన్నాడు. ఆ రెండో మాట అనాలని అతను అనుకోలేదు. మొదటి దాని వెంట అదే జారింది. షెడ్డులో అందరి తలలూ జాన్ పాల్ వైపు తిరిగాయి.

జాన్ పాల్ చేతిలో ఆ మూడు రోజులూ రామలింగానికి వెలుతురు చూపించిన లైటు ఇంకా ఉంది. దాన్ని ఆర్పి, బెంచీ మీద పెట్టి, ఒక్కటే అడిగాడు.

"మేస్త్రిగారూ, మీరు చూసే చెబుతున్నారా?"

"చూశాను" అన్నాడు రామలింగం.

పున్నమ్మగారు జాన్ పాల్‌ను ఏమీ అడగలేదు. తాళం ఇమ్మని చెయ్యి చాపింది. ఆ సాయంత్రం ఆవిడ చెల్లెలి కొడుకు చక్రి వచ్చి, ఊగుతున్న బండిని అలాగే పామర్రు తీసుకుపోయాడు. ట్యాంకు దింపి కడిగిస్తే సరిపోతుందని రామలింగం చెప్పి పంపాడు. జాన్ పాల్ ఎప్పుడు వెళ్ళాడో ఎవరూ చూడలేదు.

వారం తర్వాత చక్రి మళ్ళీ ఓమ్నీతో దిగాడు. ట్యాంకు దింపారు, కడిగారు, ఎండబెట్టారు, కొత్త పెట్రోలు పోయించారు. బండి ఎప్పటిలాగే ఊగుతోంది. చక్రి మనసులో ఏ కల్మషమూ లేని కుర్రాడు. మావయ్యా, ఆ కల్తీ పెట్రోలు లోపలేదో పాడుచేసి ఉంటుంది అని తనే ఒక కారణం కూడా చెప్పిపెట్టాడు. బండి వదిలి, పని ఉందని బజారుకు పోయాడు.

వేళ మధ్యాహ్నం, తిండికి వెళ్ళినవాళ్ళు ఇంకా రాలేదు. రామలింగం ఒక్కడే కూర్చుని, ఆ రోజు బద్ధకించిన పని చేశాడు. గాలి లోపలికి పోయే భాగం మొత్తాన్ని ఊడదీసి బెంచీ మీద పెట్టి, బిగుసుకుపోయిన స్క్రూలను వేడిచేసి, సుత్తితో తట్టి, ఒక్కొక్కటే విప్పాడు. వాల్వు బయటికి వచ్చింది. అది ఉండే సన్నని దారిలో నల్లగా ఏదో అడ్డం పడి ఉంది. సన్నపాటి పట్టకారుతో లాగాడు.

బంతిపువ్వు తొడిమ. దానికి అంటుకుని నాలుగైదు రేకులు. నూనెకు నల్లబడ్డాయి గానీ మొదళ్ళలో ఇంకా పసుపు రంగు పోలేదు. గాలి లాగినప్పుడు ఆ రేకులు దారి మూసేవి, గాలి తగ్గినప్పుడు తెరిచేవి. ఇంజను ఊగడానికి కారణం అది. స్ప్రే కొట్టినప్పుడు తడిసి పక్కకు అంటుకుని, ఆరగానే మళ్ళీ లేచేవి.

రామలింగానికి అది ఎక్కడి పువ్వో ఆలోచించాల్సిన పని లేకపోయింది. తల కొట్టేసినట్టయింది.

మహానవమి నాడు షెడ్డులో ఆయుధపూజ. ఏటా పున్నమ్మగారి ఓమ్నీకి పూజ అక్కడే, రామలింగం చేతులతోనే. ఈ ఏడు ముందు సర్వీసు చేసి తర్వాత పూజ చెయ్యాలనుకున్నారు. సర్వీసు సగంలో ఉండగా, ఎయిర్ ఫిల్టరు మూత తీసి పాత ఫిల్టరు అవతల పారేసి ఉండగా, మంచి గడియ దాటిపోతోందని పున్నమ్మగారు తొందరపెట్టింది. రామలింగం సీటు ఎత్తి ఇంజనుకు పసుపూ కుంకుమా పెట్టాడు. బంతిపూలు తుంచి దోసిళ్ళతో పోశాడు. పక్కన నిలబడ్డ జాన్ పాల్, ఆ గొట్టం నోరు తెరిచి ఉంది మేస్త్రిగారూ, మూత పెట్టాక పూలు వేస్తే మంచిదేమో అన్నాడు. పూజల సంగతి నువ్వు చెప్పాలా నాకు అన్నాడు రామలింగం. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. పున్నమ్మగారూ నవ్వింది. జాన్ పాల్ కూడా నవ్వి ఒక అడుగు వెనక్కి వేశాడు. నిమ్మకాయలు తొక్కించాలి కదా, మూత లేకుండానే ఇంజను స్టార్టు చేయించి, తర్వాత తీరిగ్గా కొత్త ఫిల్టరు వేసి మూత బిగించాడు రామలింగం.

ఇప్పుడు రామలింగం చేసిన పని చెప్పాలంటే నాకే సిగ్గుగా ఉంది. వీధి వైపు చూశాడు. ఎవరూ రావడం లేదు. తొడిమను కాగితంలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అన్నీ శుభ్రం చేసి బిగించి, ఇంజను స్టార్టు చేశాడు. ఓమ్నీ కొత్తబండిలా సన్నగా, నిలకడగా తిరిగింది. చక్రి వచ్చి విని సంబరపడిపోయి ఏం చేశావు మావయ్యా అని అడిగితే, వాల్వులో కార్బన్ పట్టింది, తీసేశాను అన్నాడు.

సాయంత్రం పున్నమ్మగారు ఫోను చేసింది. బండి వీణలా మోగుతోందంది. మనవాడివి కాబట్టి పట్టుకున్నావు, ఆ కల్తీ పెట్రోలు మడ్డే కదా వాల్వులో పేరుకుంది అని అడిగింది. అడిగింది అంటే, ఆవిడకు ఆ సమాధానం కావాలి. అంతదాకా వచ్చాక కాదని ఎలా అంటాడు?

"ఆఁ అక్కా" అన్నాడు.

పెట్టెయ్యబోతూ, జాన్ పాల్ ఏం చేస్తున్నాడని మాటవరసకు అడిగినట్టు అడిగాడు. పామర్రులో ఒక బడివాళ్ళు వాడిని బస్సు డ్రైవరుగా తీసుకోబోయి, సంగతి తెలిసి వద్దనుకున్నారట అంది ఆవిడ. వాళ్ళ చర్చి వ్యాను కూడా ఆదివారాలు వాడే తోలేవాడట, పెద్దలు మర్యాదగానే తాళం అడిగి తీసుకున్నారట. పదకొండేళ్ళు ఎంత నమ్మాను తమ్ముడూ అని నిట్టూర్చింది.

మొదటి రోజు రామలింగం తనకు తను చాలా చెప్పుకున్నాడు. కల్తీ అన్నాను గానీ జాన్ పాల్ పేరు పెట్టి అన్నానా అనుకున్నాడు. రెండో రోజుకు ఆ మాట తనకే రుచించలేదు. తాళం ఎవరి దగ్గర ఉంటుందో వాళ్ళని అడగమన్నవాడు పేరు పెట్టకపోతే ఏం, పెడితే ఏం? పైగా ఇంకొకటి కూడా తెలిసొచ్చింది. అదే మాట చక్రి మీద అని ఉంటే పున్నమ్మగారు నమ్మేది కాదు. జాన్ పాల్ మీద కాబట్టి నమ్మింది. నమ్ముతుందని తన నోటికి ముందే తెలుసు, అందుకే అంత సులువుగా వచ్చింది. ఈ సంగతి తట్టినప్పుడు రామలింగం కంచం ముందు కూర్చుని ఉన్నాడు. సగం అన్నం వదిలి చెయ్యి కడుక్కున్నాడు. మూడో రోజు షెడ్డుకు వచ్చిన బండికి స్క్రూడ్రైవరు ఆనించబోయి, అందరూ తననే చూస్తున్నట్టనిపించి, తలనొప్పిగా ఉందని చెప్పి ఇంటికి పోయాడు.

నాలుగో రోజు ఆదివారం. బస్సెక్కి పామర్రులో దిగి, అడుగుతూ అడుగుతూ కాలవగట్టు అవతలి పేటకు వెళ్ళాడు. జాన్ పాల్ ఇంటి ముందు నీడలో కూర్చుని, చర్చికి వేసుకెళ్ళిన తెల్లచొక్కా ఇంకా విప్పకుండా, పిల్లల సైకిలు గొలుసు ఎక్కిస్తున్నాడు. రామలింగాన్ని చూసి లేచి కుర్చీ వేశాడు. అతని భార్య సుస్మిత గుమ్మం దాకా వచ్చి, ఎవరో చూసి, పలకరించకుండా లోపలికి వెళ్ళిపోయింది. ఆమెకున్న నిజాయితీలో సగం తనకున్నా ఇంతదాకా వచ్చేది కాదనుకున్నాడు రామలింగం.

కాగితం విప్పి చూపించాడు. బంతిపువ్వు సంగతి చెప్పాడు. పెట్రోలులో ఏమీ లేదని, తెలియలేదని ఒప్పుకోలేక నోరు జారానని చెప్పాడు. ఎప్పుడు దొరికిందో మాత్రం చెప్పలేదు. ఫోనులో అన్న మాట చెప్పలేదు. తప్పయిపోయింది జాన్ పాల్, క్షమించు అన్నాడు.

జాన్ పాల్ గొలుసు పళ్ళ మీదికి ఎక్కించి, పెడలు ఒకసారి తిప్పి చూశాడు. కోప్పడితే బాగుండునని రామలింగానికి అనిపించింది. అతను కోప్పడలేదు.

"నాకు చెబితే ఏం లాభమండీ? నేను కలపలేదని నాకు ముందే తెలుసు గదా" అన్నాడు. "తెలియనివాళ్ళకు చెప్పండి. ఎక్కడ అన్నారో అక్కడ చెప్పండి. ఎవరి ముందు అన్నారో వాళ్ళ ముందు చెప్పండి."

పున్నమ్మగారికి ఫోను చేసి చెబుతానన్నాడు రామలింగం. జాన్ పాల్ తల అడ్డంగా ఊపాడు. ఆ రోజు టీ గ్లాసులు పట్టుకుని ఎనిమిది మంది ఉన్నారు, వాళ్ళలో ఒకాయన మా ఊరి లారీ ఓనరు, పామర్రుకు ఆ సంగతి మోసుకొచ్చింది ఆయనే అన్నాడు. రామలింగం సరేనన్నాడు. అనక ఏం చేస్తాడు?

మంగళవారం పదకొండు గంటలకు అందరూ పోగయ్యారు. రామలింగమే కబురు పెట్టాడు. లారీ ఓనరు వచ్చాడు. అంతోని వచ్చాడు. చక్రి పున్నమ్మగారిని ఓమ్నీలో తీసుకొచ్చాడు. జాన్ పాల్ అదే తెల్లచొక్కా వేసుకుని వచ్చి, షెడ్డు లోపలికి రాకుండా ఎండలో నిలబడ్డాడు. టీ వచ్చింది, గ్లాసులు చేతులు మారాయి. రామలింగం గొంతు సవరించుకున్నాడు. ఆ క్షణంలో అతనికి ఒక ఉపాయం తోచింది. చెడ్డ ఉపాయం, కానీ అలాంటప్పుడు తోచేవి అవే.

దాన్ని వేళాకోళంగా చెప్పాడు. దసరా నాడు అమ్మవారు నా చెవికి పరీక్ష పెట్టిందిరా అని మొదలుపెట్టాడు. బంతిపువ్వు ఇంజనులోకి దూరిందనీ, తను మూడు రోజులు గుడ్డివాడిలా వెతికాననీ, చివరికి ఏం తోచక ఆ నేరం పెట్రోలు నెత్తిన వేశాననీ, పాపం మన జాన్ పాల్‌ది ఏ తప్పూ లేదనీ చెప్పి, కాగితంలోని తొడిమ తీసి అందరికీ చూపించాడు. అంతోని దాన్ని చెవిలో పెట్టుకుని ఊగి చూపించాడు. షెడ్డు ఘొల్లుమంది. లారీ ఓనరు కళ్ళు తుడుచుకుంటూ, ఏదీ దొరక్కపోతే పెట్రోలు మీద తొయ్యని మేస్త్రీ ఆటోనగర్‌లో ఎవడున్నాడయ్యా, వదిలెయ్ అన్నాడు. అంతోని వచ్చి రామలింగం భుజం తట్టాడు. పున్నమ్మగారికి పెద్ద బరువు దిగినట్టుంది. ఆవిడ కూడా చిన్నగా నవ్వి, ఎండలో ఉన్న అతని వైపు తిరిగి, అయిందేదో అయిందిలే జాన్ పాల్, సాయంత్రం నుంచి బండి నువ్వే తీసుకో అంది. చక్రి తాళం అతని వైపు చాచాడు.

అందరూ కలిసి రామలింగాన్ని క్షమించేశారు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. రామలింగానికి హాయిగా ఉండాల్సింది. కానీ జాన్ పాల్ తాళం అందుకోలేదు. షెడ్డు లోపలికి వచ్చి, ఎవరో చేతికిచ్చిన టీ గ్లాసు తాగకుండా బెంచీ మీద పెట్టాడు.

"ఇంకోసారి చెప్పండి మేస్త్రిగారూ" అన్నాడు. "నవ్వు రాకుండా చెప్పండి."

నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అంతోని చెవిలోని తొడిమ తీసేశాడు. రామలింగం చేతులు తుడుచుకునే గుడ్డ కోసం చుట్టూ చూశాడు. అది భుజం మీదే ఉంది.

ఈసారి మొదటినుంచి చెప్పాడు. మూత తీసి ఉందని, పూలు వెయ్యొద్దని జాన్ పాల్ ముందే చెప్పాడన్నాడు. పూజల సంగతి నువ్వు చెప్పాలా అని తను అన్నానన్నాడు. మనమంతా నవ్వామన్నాడు. అక్కడికి వచ్చేసరికి పున్నమ్మగారు తల దించుకుంది. స్క్రూలు విప్పడానికి బద్ధకించానన్నాడు. సిద్ధార్థ దగ్గరికి పోదామని జాన్ పాల్ అన్నందుకు మనసులో కక్ష పెట్టుకున్నానన్నాడు. పెట్రోలు వాసన చూస్తే మామూలుగానే ఉందన్నాడు. చూసే చెబుతున్నారా అని అడిగితే చూశానన్నాను, చూడలేదు అన్నాడు. ఒక్కో మాటా విడిచి విడిచి చెప్పాడు. ఎవరూ టీ తాగడం లేదు. చెప్పడం అయిపోయిందని ఆగాడు.

"తర్వాత?" అన్నాడు జాన్ పాల్.

అతనికి తెలిసి అడగలేదు. ఎలా తెలుస్తుంది? ఇంకేమైనా ఉంటే చెప్పమని, అంతే. ఇంకేం లేదంటే అక్కడితో అయిపోతుంది. అందరూ లేచి ఎవరి పనుల మీదికి వాళ్ళు పోతారు. ఫోనులో అన్న మాట తెలిసినది పున్నమ్మగారికి ఒక్కదానికే, ఆవిడకు కూడా సగమే. రామలింగం ఆవిడ వైపు చూశాడు. ఆవిడ తల ఎత్తి అతన్నే చూస్తోంది.

"పువ్వు దొరికిన రోజు సాయంత్రం అక్క ఫోను చేసింది" అన్నాడు. "కల్తీ పెట్రోలు వల్లేనా అని అడిగింది. అప్పుడు పువ్వు నా జేబులోనే ఉంది. అవునన్నాను."